విధికుడి పూర్ణఘటం: కృష్ణా డెల్టాలో మ్యూజియం ఎవరిది?

(అయ్యంకి వెంకట రమణయ్య స్మారకోపన్యాసం)



గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారి పేరిట మాట్లాడే అవకాశం బెజవాడలో దొరకడం నాకు దక్కిన గౌరవం. గ్రంథాలయాల గురించి నాకన్నా అధికారంతో చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. అందువల్ల ఈ సాయంత్రం మ్యూజియాల గురించి మాట్లాడతాను. అయితే అయ్యంకి గారు చూపిన దారి నుంచి పక్కకు పోతున్నానని అనుకోవద్దు. ఆ దారిన మన మ్యూజియాలు ఇంకా అడుగు పెట్టలేదన్నదే నా వాదం.

ఈ ఊళ్ళో పాతికేళ్ళ తేడాతో రెండు సంస్థలు పుట్టాయి. 1887 జూన్ 27న, విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా, బందరు రోడ్డు మీద ఒక భవనానికి నాటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సెవెల్ శంకుస్థాపన చేశారు. అదే విక్టోరియా జూబిలీ మ్యూజియం. ఇప్పుడు మన చిత్రకారుడు బాపు పేరుతో ఉంది. రెండవది 1911లో వెలసిన రామమోహన గ్రంథాలయం. 1914 ఏప్రిల్ 10న అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. మొదటి సంస్థను ఒక పాలకురాలి గౌరవార్థం అధికారులు కట్టించారు. రెండవదాన్ని ఊరివాళ్ళు తమ కోసం తాము పెట్టుకున్నారు. ఈ డెల్టాలో చరిత్రను పోగుచేసే పని పైనుంచి సాగింది, చదువును పంచే పని కిందినుంచి సాగింది. పైనుంచి సాగిన పని వస్తువులను ఊళ్ళకు దూరం చేసింది. కిందినుంచి సాగిన పని పుస్తకాలను ఊళ్ళకు చేర్చింది.

మొదటి పని ఎలా సాగిందో తెలియాలంటే అమరావతికి పోవాలి. పద్దెనిమిదో శతాబ్దం చివరి దశకంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి కృష్ణ ఒడ్డున కొత్త పట్నం కట్టించారు. ఇళ్ళకూ కట్టడాలకూ రాయి కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉంది. తవ్వితే చెక్కడపు పలకలు బయటపడ్డాయి. ఆ కబురు విని 1797లో కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశారు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డు కోనేరు కోసం తవ్వేసి ఉంది. ఆయన మనుషులు గీసిన బొమ్మలు ఈనాటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలోని రాళ్ళలో కొన్ని మాత్రం ఎక్కడా లేవు. సున్నపురాయి కాలిస్తే సున్నమవుతుంది. ఆ దిబ్బలో ఉన్న బౌద్ధ స్తూపం, మహాచైత్యంలో కొంత భాగం అలా గోడలకెక్కింది.

ఆ తరువాతి మజిలీ బందరు. అక్కడి సహాయ కలెక్టరు రాబర్ట్‌సన్ తాను వేయించిన కొత్త పేట అంగడి నడుమ అలంకారంగా ఉంటాయని అమరావతి పలకలను ముప్పైకి పైగా తెప్పించుకున్నారు. బుద్ధుడి చరిత్ర చెక్కిన రాళ్ళు బజారు కూడలికి సోకు అయ్యాయి. తరువాత అవి మద్రాసుకు తరలిపోయాయి. 1845లో సర్ వాల్టర్ ఎలియట్ తవ్వించి తీయించిన పలకలు మద్రాసులో ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడా వాటికి గౌరవం దక్కలేదు. ఒక బండ్ల కొట్టంలో పడి ఉన్న వాటిని 1867లో జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించి లోకానికి చూపారు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం సొత్తు అయ్యాయి. ఈ లోగా 1877లో దిబ్బను మళ్ళీ తవ్వించిన అధికారి, పదేళ్ళ తరువాత బెజవాడ మ్యూజియానికి పునాదిరాయి వేసిన ఆ సెవెలే.

ఆ రోజుల్లో ఇద్దరు అధికారుల మధ్య జరిగిన ఒక వాదాన్ని ఇక్కడ గుర్తుచేయాలి. 1880ల మొదట్లో దేశంలోని ప్రాచీన కట్టడాల సంరక్షణ బాధ్యత చూసిన హెన్రీ హార్డీ కోల్, శిల్పాలు పుట్టినచోటే ఉండాలన్నారు. వాటిని ఊళ్ళో వదిలేస్తే మిగలవు, మద్రాసుకు తీసుకుపోవడమే మేలు అని పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ అన్నారు. బర్జెస్ మాటే నెగ్గింది. ఆయన భయం నిరాధారమని నేను అనను. సున్నపు బట్టీల సంగతి ఆయనకు తెలుసు. నన్ను బాధించేది ఒక్కటే: ఆ వాదంలో అమరావతి ఊరివాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు.

ఫలితం ఈనాడు మన కళ్ళముందుంది. అమరావతి శిల్పం చూడాలంటే చెన్నైకో లండన్‌కో పోవాలి. భట్టిప్రోలు ధాతు కరండాలు చెన్నైలో, జగ్గయ్యపేట మాంధాత చక్రవర్తి పలక చెన్నైలో, ఘంటసాల శిల్పం పారిస్‌లో గీమే మ్యూజియంలో ఉన్నాయి. బందరు రేవు నుంచి ఓడలకెక్కిన కలంకారీ బట్టలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అరల్లో ఉన్నాయి. బెజవాడ మ్యూజియంలో అల్లూరు నుంచి వచ్చిన నిలువెత్తు బుద్ధుడున్నాడు, అమరావతి ఊళ్ళోని మ్యూజియంలోనూ కొన్ని పలకలు మిగిలాయి. అవి మిగిలినందుకు సంతోషించాలి. పోయినవాటి పట్టిక మాత్రం చాలా పెద్దది.

లండన్‌లో ఉన్న ఒక పలక గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అది స్తూపం అండం కింది గుండ్రటి గోడకు అమర్చిన రాయి. దానికి రెండు ముఖాలున్నాయి. క్రీస్తుకు ముందరి ఒకటో శతాబ్దంలో ఒక శిల్పి దాని మీద బోధివృక్షాన్ని, చెట్టు కింద ఖాళీ ఆసనాన్ని, చుట్టూ చేతులు జోడించిన జనాన్ని చెక్కాడు. బుద్ధుడి రూపం ఎక్కడా లేదు. మూడు వందల ఏళ్ళు పైబడ్డాక, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఇంకెవరో ఆ రాయిని తిప్పి వెనకవైపు మహాచైత్యాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారాల మీది సింహాలు, ద్వారానికెదురుగా అయిదు ఆయక స్తంభాలు, స్తూపాన్ని చుట్టుకున్న నాగులు, గాలిలో తేలుతున్న దేవతలు, అన్నీ అందులో ఉన్నాయి. ఆనాటి అమరావతి ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే పండితులు చూపేది ఇలాంటి పలకలనే. పాత పనిని చెరిపేయకుండా, దాని వీపు మీదే కొత్త పని చేసుకున్నారు మన పూర్వులు. అది చూసి నేర్చుకోవలసిన అమరావతి పిల్లలు దాన్ని పుస్తకంలో బొమ్మగానే చూస్తున్నారు.

ఆ రాళ్ళు ఎవరివి? రాజులవి అనుకుంటాం. అమరావతి శాసనాలు వేరే సంగతి చెబుతాయి. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, సుగంధద్రవ్యాలు అమ్ముకునేవారు తలా ఒక పలక, తలా ఒక స్తంభం ఇచ్చి పేర్లు చెక్కించుకున్నారు. వారిలో విధికుడు ఒకడు. వృత్తి చర్మకారం. తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. విధికుడు తన కుటుంబంతో కలిసి మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడు. అమరావతి శిల్పం నుంచి తీసుకున్న పూర్ణఘటమే 2018లో మన రాష్ట్ర అధికార చిహ్నంలో చేరింది. అంటే ఈ రాష్ట్రంలో వెలువడే ప్రతి ప్రభుత్వ ఉత్తర్వు నెత్తిన రెండు వేల ఏళ్ళ కిందటి ఒక చెప్పులు కుట్టే మనిషి కానుక ఉంది. ఈ సంగతి మన బడుల్లో ఎందరు పిల్లలకు తెలుసు? మ్యూజియం అనేది ఉన్నందుకు ముందు చెప్పవలసింది ఈ సంగతి.

భట్టిప్రోలు కథ కూడా ఇంతే. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో తీసిన రాతి కరండాల మీది బ్రాహ్మీ అక్షరాలు ఈ డెల్టాలో దొరికిన అతి పాత రాతల్లోవి. వాటిలో కుబేరకుడనే రాజు పేరుంది. దానికి తోడు గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. కొందరు కూడి, ఖర్చు పంచుకుని, ఒక పని చేసి, అందరి పేర్లూ రాయించారు. మన నేల మీద చదవగలిగిన తొలి రాతల్లో ఒకటి, ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, ఒక సంఘం సభ్యుల పట్టీ. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకున్నవాళ్ళు ఆ సంప్రదాయానికి ఎంత దగ్గరివాళ్ళో వాళ్ళకే తెలిసి ఉండకపోవచ్చు.

ఇక గ్రంథాలయోద్యమం దగ్గరికి వస్తాను. అదే కాలంలో బరోడాలో సయాజీరావు గాయక్వాడ్ మహారాజు అమెరికా నుంచి నిపుణుణ్ణి పిలిపించి, సంస్థానమంతటా గ్రంథాలయాలు పెట్టించారు. అది గొప్ప పనే. ఆంధ్రదేశానికి అలాంటి మహారాజు లేడు. ఇక్కడ చందాలు వేసుకున్నారు, పాత ఇళ్ళు అడిగి తీసుకున్నారు, రాత్రిబడులు నడిపారు. అయ్యంకి గారు 1915లో ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక మొదలుపెట్టారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో గ్రంథాలయ సభ జరగడానికి పూనుకున్నారు. ఈనాటికీ గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యే రోజు నవంబరు 14.

ఈ ఉద్యమంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణ కాలువలో నడిపిన పడవ గ్రంథాలయం. డెల్టాలో ఆనాడు రోడ్లు తక్కువ. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట లేచాక తవ్విన కాలువలే రహదారులు. వడ్లు పోయేదీ, పెళ్ళివారు పోయేదీ పడవల మీదే. అదే కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య ఊళ్ళకు పుస్తకాలు పోయాయి. రేవులో పడవ ఆగితే పొలం నుంచి వచ్చిన రైతు కాళ్ళు కడుక్కుని పుస్తకం మార్చుకునే వీలు కలిగింది. ఊరివాడు పట్నం రావాలన్న నియమాన్ని ఆ పడవ తిరగేసింది. మన మ్యూజియాల్లో ఏ ఒక్కటైనా ఇంతవరకు అలాంటి ఆలోచన చేసిందా? జూబిలీ మ్యూజియం 1962లో పురావస్తుశాఖ ఆధ్వర్యంలోకి వచ్చింది, 2020లో కొత్త హంగులతో తెరుచుకుంది. అయినా దివిసీమ పిల్లవాడు దానికోసం బస్సెక్కి రావలసిందే.

జూబిలీ మ్యూజియం భవనానికి ఇంకో జ్ఞాపకం ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న కార్యక్రమం ఇక్కడే నిశ్చయమైంది. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా అందించింది ఆ రోజుల్లోనే. నగరం ఆ ఘట్టాన్ని జూబిలీ మ్యూజియంతో కలిపే తలచుకుంటుంది. రాణి గౌరవార్థం కట్టిన ఇల్లు స్వరాజ్యం తలపులోకి చేరింది. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గాంధీ కొండ మీద స్తూపం ఆవిష్కరించారు. 2024 జనవరి 19న స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం వెలిసింది, దాని పీఠంలో మ్యూజియానికీ గ్రంథాలయానికీ చోటిచ్చారు. విగ్రహాలు కట్టడంలో మనం వెనకబడలేదు.

వెనకబడింది కాగితాల దగ్గర. మనవాళ్ళు చాలామంది పిల్లల్ని చూడటానికి డల్లాస్ వెళ్ళివస్తున్నారు. అక్కడ జార్జి డబ్ల్యూ బుష్ అధ్యక్ష గ్రంథాలయం ఉంది, 2013లో తెరిచారు. అమెరికాలో ఈ సంప్రదాయానికి మొదలు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. తన కాగితాలన్నీ దేశానికిచ్చి, 1941లో హైడ్‌పార్కులో గ్రంథాలయం తెరిపించారు. నిక్సన్ తన టేపులను తన సొంతమన్నప్పుడు అక్కడి చట్టసభ ఊరుకోలేదు. 1978లో చేసిన చట్టం ప్రకారం అధ్యక్షుడి అధికారిక పత్రాలు ప్రజలవి. ఆ గ్రంథాలయాల్లో భజన లేదని చెప్పను. ప్రదర్శనశాలలో పొగడ్త ఉండవచ్చు, వెనక గదిలోని పెట్టెల్లో మాత్రం నిజం వెతుక్కునే హక్కు ఏ విద్యార్థికైనా ఉంటుంది. మనకు 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. అది కేంద్రప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల కార్యాలయాల దస్తావేజులకు వర్తిస్తుంది. మంత్రి ఇంట్లో బీరువాలో ఉన్న ఉత్తరం జోలికి రాదు. రాష్ట్రపతులుగా ముగ్గురు తెలుగువాళ్ళు పనిచేశారు: రాధాకృష్ణన్, గిరి, సంజీవరెడ్డి. బందరు నుంచి పట్టాభి సీతారామయ్య గారు 1948లో కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1910లో జాతీయ కళాశాల స్థాపకుల్లో ఒకరు, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, కాంగ్రెస్ చరిత్ర రాశారు. ఆ బ్యాంకు పేరు కూడా 2020లో విలీనంతో పోయింది. ఇలాంటివారి ఉత్తరాలు, డైరీలు, సంస్థల మినిట్సు పుస్తకాలు ఒకచోట చేర్చి, బందరు పిల్ల బందరులోనే చదువుకునేలా చేయడం మనవల్ల కాని పనా?

డల్లాస్‌లోనే ఇంకో మ్యూజియం ఉంది. 1963లో కెనెడీ మీద కాల్పులు జరిగింది ఒక పుస్తకాల గోదాము ఆరో అంతస్తు నుంచి. తమ ఊరికి మచ్చ తెచ్చిన ఆ భవనాన్ని కూల్చేయాలని చాలామంది కోరారు. కూల్చలేదు. 1989లో ఆ అంతస్తునే మ్యూజియంగా తెరిచారు. మన డెల్టాలో 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టి విచారించారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. మృతులను ఊరి నడుమ సమాధి చేసిన ఆ చోటును రక్తక్షేత్రమంటారు. బాధితులే నిలబెట్టుకున్న జ్ఞాపకం అది. డెల్టా చరిత్ర చెప్పే ఏ ప్రభుత్వ మ్యూజియమైనా విధికుడి పూర్ణఘటాన్ని చూపి చుండూరును దాటవేస్తే, సగం చరిత్రే చెప్పినట్టు. పచ్చని పైరు, కాలువలు, కూచిపూడి, కలంకారీ మనవే. ఆ రక్తమూ మన నేల మీదిదే.

ఇంకో మాట, నీళ్ళ గురించి. ఈ నేల మీద జ్ఞాపకానికి పెద్ద శత్రువు నీరే. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడినప్పుడు ముప్పై వేలమంది పోయారని లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అదే రోజుల్లో బుడమేరు విజయవాడలో సగం పేటలను ముంచింది. ఆ ఇళ్ళల్లో ధాన్యం, బట్టలతోపాటు పట్టాలు, సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటోలు, తాతల ఉత్తరాలు తడిసిపోయాయి. వాటి నష్టపరిహారం ఏ లెక్కలోనూ రాదు. డెల్టాలో ఎవరింటి కాగితాలు వాళ్ళింట్లోనే భద్రమని అనుకోవడానికి వీల్లేదు.

కాబట్టి నా ప్రతిపాదన పెద్ద భవనం గురించి కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అంటే ప్రతి గృహస్థూ గ్రంథాలయానికి దాతే. ఆ నిధి నుంచి కృష్ణా, గుంటూరు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాల్లో ప్రతి మండల గ్రంథాలయంలోనూ ఒక గది, మెరకమీద, బీరువాలతో, ఊరి చరిత్ర కోసం కేటాయించాలి. బెజవాడ మ్యూజియం వాటికి పెద్ద దిక్కుగా ఉండి, కాగితాన్ని ఎలా ఆరబెట్టాలో, ఎలా నకలు తీయాలో గ్రంథాలయాధికారులకు నేర్పాలి. లండన్, చెన్నై, పారిస్‌లలో ఉన్న మన శిల్పాలకు మంచి అచ్చులు, చిత్రాలు తెప్పించి అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల ఊళ్ళలోనే పెట్టాలి. అసలు రాళ్ళు తిరిగి రావాలన్న కోరిక న్యాయమైనదే, దాన్ని ప్రభుత్వాలు అడగాలి. అందాకా ఊరికి తన రాయి ఎలా ఉంటుందో తెలియాలి. పాతూరి వారి పడవను తలచుకుంటూ, ఏటా కొన్ని వస్తువులైనా బస్సులో ఊళ్ళ బడులకు వెళ్ళాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు. 1914లో బెజవాడలో కూడినవాళ్ళు ఆగలేదు. ఈ సభకు వచ్చిన పెద్దలను ఒక్కటే కోరుతున్నాను. మీ అటక మీది పెట్టెలో రైతుకూలీ సంఘం రశీదు పుస్తకమో, కాలువ పడవల చిట్టానో, మీ అమ్మగారు రాసుకున్న పద్దుల పుస్తకమో, ఆగిపోయిన ఊరి పత్రిక సంచికో ఉంటే పాతకాగితాలవాడికి వేయకండి. మీ ఊరి గ్రంథాలయానికి తీసుకుపోయి, ఇచ్చినవారి పేరు, ఊరు, సంవత్సరం రిజిస్టరులో రాయించి అప్పగించండి. వచ్చే వానాకాలంలోపే ఆ పని చేయండి.